లెక్క తేలినది, అర్థము తేలలేదు

మన బాలబాలికలు ఇంటర్మీడియెట్ తరగతులలో చదువు గణితమునందు రెండు ప్రకరణములు చిరకాలముగా స్థానము సంపాదించుకొని యున్నవి. మొదటిది సంభావ్యత. రెండవది యాదృచ్ఛిక చలరాశులు, వాని సంభావ్యతా విభాజనములు. ఈ రెంటినిగూర్చి విద్యార్థులలో నొక మాట వాడుకలో నున్నది. మొదటి ప్రకరణము తికమక పెట్టునది గాన భయపడవలయుననియు, రెండవదానికి సూత్రము తెలిసిన చాలును గాన మార్కులకు నమ్మదగినదనియు వారు చెప్పుకొందురు. ఈ రెండు మాటలును ఒక్క రోగమునకు రెండు లక్షణములని మా యభిప్రాయము. మొదటిదానిలో నాలోచింపక తప్పదు గనుక అది కష్టమైనది. రెండవదానిలో నాలోచన యక్కఱలేకుండ జేసితిమి గనుక అది సులభమైనది. ఆలోచన యున్నచోట భయమును, ఆలోచన లేనిచోట ధైర్యమును గలిగించు చదువును చదువని పిలుచుట న్యాయమా యని మేము విద్యాధికులను అడుగుచున్నాము. అంతకంటె ముఖ్యముగా, బిడ్డల చదువునకై కష్టార్జితమును ధారవోయుచున్న గృహస్థులను, గృహిణులను అడుగుచున్నాము.

ఊరక నిందించుట మా యుద్దేశము కాదు, ఉదాహరణము చూపెదము. పాఠ్యపుస్తకములలోను ప్రశ్నల సంపుటములలోను తఱచుగా కనబడు లెక్క యొకటి కలదు. ఎక్స్ అను యాదృచ్ఛిక చలరాశి 0 మొదలు 7 వఱకు విలువలు గ్రహించును. వాని సంభావ్యతలు వరుసగా సున్న, కె, 2కె, 2కె, 3కె, కె వర్గము, కె వర్గమునకు రెండింతలు, కె వర్గమునకు ఏడింతలును ఒక కెయు. కె విలువ యెంత? అంకమధ్యమ మెంత? విద్యార్థి యన్నిటిని గూడి మొత్తమును ఒకటికి సమానము చేయును. వర్గసమీకరణము వచ్చును. దానికి రెండు మూలములు: ఒకటి 1/10, రెండవది ఋణము ఒకటి. ఋణము పనికిరాదని కొట్టివేయును. పిమ్మట గుణించి, కూడి, అంకమధ్యమము 3.66 అని వ్రాసి దాని క్రింద రెండు గీతలు గీయును. లెక్క తేలినది, మార్కులు వచ్చినవి.

మేము అడుగునది యొక్కటియే. 3.66 ఏమి? గింజలా, గవ్వలా, రోగులా, రూపాయలా? ఎక్స్ అనగా నేమి? దేనిని విసరిరి, దేనిని తీసిరి, దేనిని లెక్కించిరి? దానిని యాదృచ్ఛికమని యేల యన్నారు? ఈ ప్రశ్నలలో నొక్కదానికైనను ఆ లెక్కలో జవాబు లేదు. అవి యడుగవలసినవని విద్యార్థికి తోచుటకైనను అవకాశము లేదు. సంభావ్యత సున్నకు తగ్గదు, ఒకటికి మించదు, అన్నియు గలిసి ఒకటి యగును అను రెండు మాటలలో మాత్రమే యిందు సంభావ్యత యున్నది. మిగిలినదంతయు పదవతరగతి బీజగణితము. పట్టుచీర కట్టినంతమాత్రమున కొయ్యబొమ్మ పెండ్లికూతురు కానట్లు, సంభావ్యత యను పేరు పెట్టినంతమాత్రమున వర్గసమీకరణము సంభావ్యత కాదు.

మఱియొక ప్రసిద్ధమైన లెక్క చూతము. ద్విపద విభాజనమున అంకమధ్యమము 4, విస్తృతి 3. ప్రయత్నముల సంఖ్య యెంత? విస్తృతిని మధ్యమముచే భాగించిన వైఫల్య సంభావ్యత 3/4 వచ్చును; కావున సాఫల్య సంభావ్యత 1/4; ప్రయత్నములు 16. చక్కగానే యున్నది. అదే విద్యార్థికి అంకమధ్యమము 4, విస్తృతి 5 అని యిచ్చి చూడుడు. వైఫల్యము 5/4, సాఫల్యము ఋణము 1/4, ప్రయత్నములు ఋణము 16 అని వ్రాసి ముగించువా రనేకు లుందురు. ఋణము పదునాఱు మారులు నాణెము నెగురవేసిన మహానుభావు డెవడో వారికి సందేహము కలుగదు. తప్పు వారిది కాదు. అచ్చట ఆగి చూడవలయునని వారి కెవ్వరు చెప్పిరి?

ఈ శాస్త్రము సూత్రములతో పుట్టలేదు, సందేహముతో పుట్టినది. 1654లో ఫ్రాన్సుదేశమున పాస్కల్, ఫెర్మా అను నిద్దరు గణితజ్ఞులు పరస్పరము వ్రాసికొనిన లేఖలతో దీనికి శాస్త్రరూపము ప్రారంభమైనదని చెప్పుదురు. ఆ లేఖలలో నొకదానియందు పాస్కల్, శెవాలియె ద మేరె అను నొక జూదరి సందేహమును ప్రస్తావించెను. ఒక పాచికను నాలుగు మారులు విసరిన ఒక్కసారియైనను ఆఱు పడుటకు అవకాశము సగమునకు మించియున్నది. అటులైన రెండు పాచికలను గలిపి ఇరువదినాలుగు మారులు విసరిన ఒక్కసారియైనను జంట ఆఱులు పడుటకును సగమునకు మించియే యుండవలయును గదా! ఆఱింటికి నాలుగైన ముప్పదియాఱింటికి ఇరువదినాలుగు. ఇది త్రైరాశికము. మన యంగడి లెక్కలన్నిటను తప్పనిది; ఇక్కడ తప్పినది. మొదటిదాని సంభావ్యత 671/1296, అనగా నూటికి 52కు కొంచెము తక్కువ. రెండవదానిది నూటికి 49కి కొంచెము ఎక్కువ. సూత్రము నోట నుండెను గాని, అది యెక్కడ వర్తించునో, ఎక్కడ వర్తింపదో తెలియలేదు. నేటి మన విద్యార్థి స్థితియు నిదియే.

జూదరి మాట యటుండనిండు. మహాగణితజ్ఞుడైన దాలంబేర్ 1754లో ఫ్రెంచి విజ్ఞానసర్వస్వమున వ్రాసిన దొకటి కలదు. నాణెమును రెండు మారులు ఎగురవేసిన ఒక్కసారియైనను బొమ్మ పడు సంభావ్యత యెంత? మొదటనే బొమ్మ పడిన ఆట ముగిసినది. లేదా బొరుసు పడి తరువాత బొమ్మ పడును. లేదా రెండును బొరుసులే. విధములు మూడు, అనుకూలములు రెండు. కావున 2/3 అని ఆయన తీర్మానించెను. నిజమునకది 3/4. మూడు విధములు కలవనుట సత్యమే. కాని యా మూడును సమానబలము గలవి కావు. మొదటి విధము తక్కిన వానికి రెండింతలు. అంతటివాడును అడుగ మఱచిన ప్రశ్నను మన బడులలో అసలు పెట్టుటయే లేదు.

కావున సంభావ్యత లెక్క చేయబోవు ప్రతివాడును సూత్రమునకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలయునని మేము వాదించుచున్నాము. జరుగదగిన వేమి? వానిలో దేనికి దేనితో సమానబలము కలదు, అట్లని మన కెవ్వరు చెప్పిరి? ఒకదాని సంగతి తెలిసిన రెండవదాని సంగతి మాఱునా, మాఱదా? ఈ మూడింటికి జవాబు చెప్పిన పిమ్మట మిగులు గుణకార భాగహారములను నేడు యంత్రమే చేయును. మన బడి యంత్రము చేయు పనిని పిల్లవానిచేత చేయించి, మనుష్యుడు చేయవలసిన పనిని ప్రశ్నపత్రము వ్రాసినవానికి విడిచిపెట్టినది. “ఈ రెండును స్వతంత్ర ఘటనలైనచో” అని పాఠ్యపుస్తకము ముందే చెప్పివేయును. జీవితమున నా మాట చెప్పువా డెవ్వడును రాడు.

ఆ మాటను విచారింపనందున ఎట్టి ఘోరము జరుగునో చూడుడు. ఇంగ్లండుదేశమున ఒక తల్లికి ఇద్దరు పసిబిడ్డలు ఒకరి పిమ్మట ఒకరు హఠాత్తుగా మరణించిరి. ఆమెయే చంపినదని నేరము మోపిరి. అట్టి కుటుంబమున శిశువు కారణము తెలియకుండ మరణించుట 8,543 మందిలో ఒకరికి సంభవమనియు, ఇద్దరు మరణించుటకు ఆ సంఖ్యను దానితోనే గుణింపవలయుననియు, కావున 7 కోట్ల 30 లక్షలలో ఒక్క అవకాశమనియు ఒక పేరుగాంచిన వైద్యుడు న్యాయస్థానమున సాక్ష్యమిచ్చెను. 1999లో ఆమెకు యావజ్జీవ శిక్ష పడినది. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు, ఒకే రక్తము, ఒకే యిల్లు. మొదటి మరణమునకు రెండవదానితో ఏ సంబంధమును లేదని యెవ్వరు నిర్ణయించిరి? ఆ గుణకారమునకు ఆధారము లేదని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో బహిరంగముగా ఖండించినది. వైద్యపరీక్షల ఫలితము నొకదానిని ప్రతివాదులకు తెలుపలేదనుటయు బయటపడగా, 2003లో పైన్యాయస్థానము ఆమెను విడిచిపెట్టినది. ఆ గుణకారమున అంకెల తప్పు లేదు. మన పరీక్షలో వ్రాసియున్న పూర్తి మార్కులు పడియుండెడివి!

ఇంగ్లండు కథ మనకేల యందురేమో. మన యిండ్లలోనికి వత్తము. ముగ్గు రాడుపిల్లలు పుట్టిన కోడలిని చూచి, “నాలుగవ కాన్పున తప్పక మగపిల్లవాడే, ఎన్నిసార్లని ఆడపిల్ల పుట్టును?” అని ధైర్యము చెప్పువారు కొందఱు, నాలుగవసారియు ఆడపిల్లయే యైన “దాని కడుపే అంత” అని నిందించువారు మఱికొందఱు. ఈ రెండు మాటలను ఒక్క నోరే యనుట మన మెఱుగనిది కాదు. గర్భస్థ శిశువునకు జ్ఞాపకశక్తి లేదు; తనకు ముందు పుట్టినవా రెందఱో, ఎవరో, అది యెఱుగదు. మూడు బొరుసులు పడిన నాణెము నాలుగవసారి బొమ్మకు బాకీపడి యుండనట్లే, ముగ్గు రాడుపిల్లల తల్లి నాలుగవ కాన్పున మగపిల్లవానికి ఋణపడి యుండదు. ఆడ, మగ సమానమని స్థూలముగా లెక్కించినచో, నలుగురు బిడ్డలు గల ప్రతి పదునాఱు కుటుంబములలో ఒకదానియందు నలుగురును ఆడపిల్లలే యుందురు. ఎవ్వరి తప్పును లేక, ఎవ్వరి పాపమును లేక, ఆ పదునాఱింటిలో నొకటి యెవరి యిల్లో కావలయును గదా! పైగా శిశువు ఆడయో మగయో నిర్ణయించు బీజము తండ్రినుండి వచ్చునని జీవశాస్త్రము నిశ్చయముగా చెప్పుచున్నది. కుటుంబమున నిద్దరు బిడ్డలలో ఒక్కడైనను కుమారుడని తెలిసిన ఇద్దరును కుమారులగు సంభావ్యత 1/3 అని తరగతిలో సాధించిన యువకుడే, ఇంటికి వచ్చి వదినెగారి నాలుగవ కాన్పునుగూర్చి నాయనమ్మ మాటకు తల యూపుచున్నాడు. లెక్క నోటుపుస్తకము దాటి గడప త్రొక్కలేదు.

ఈ విషయమునకు రెండవ ముఖము గలదు. అది యింకను భయంకరము. ఆడ, మగ సరిసమానమని మనము స్థూలముగా ననుకొనుచున్నాము గాని, 1710లో ఆర్బత్‌నాట్ అను వైద్యుడు లండన్ నగరమున 82 సంవత్సరముల బాప్తిస్మముల పట్టికలు పరిశీలించి, ప్రతి సంవత్సరమును మగబిడ్డలే ఎక్కువగా నుండుట కనుగొనెను. నాణెము సరియైనదైన ఎనుబదిరెండుసార్లు వరుసగా బొమ్మయే పడునా? కావున సమానబలమను ఊహయే సరికాదని తేలినది. ఊహను లోకముతో సరిచూచుట యనగా నిది. స్వభావముచే నూరుగురు ఆడబిడ్డలకు సుమారు నూటయైదుగురు మగబిడ్డలు పుట్టుదురని నే డెఱుగుదుము. అనగా వేయిమంది మగవారికి సుమారు 950 మంది ఆడవారు. మన దేశమున 2011 జనాభా లెక్కలలో ఆఱేండ్లలోపు బిడ్డలలో వేయిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 919 మంది మాత్రమే.

ఈ తేడా దైవికమని త్రోసిపుచ్చవచ్చునా? విద్యార్థి కంఠస్థము చేసిన విస్తృతి సూత్రము ఇక్కడ పనికివచ్చును. కోటిమంది బిడ్డలను తీసికొందము. స్వభావముచే ఆడబిడ్డలు సుమారు 48 లక్షల 78 వేలు ఉండవలయును. ప్రయత్నముల సంఖ్యను, సాఫల్య, వైఫల్య సంభావ్యతలను గుణించి వర్గమూలము తీసిన ప్రామాణిక విచలనము సుమారు 1,580. యాదృచ్ఛికముగా హెచ్చుతగ్గులు కలిగిన అవి కొన్ని వేలకు మించవు. కాని 919 నిష్పత్తిని బట్టి తక్కువైనవారు సుమారు 89 వేలు. ప్రామాణిక విచలనమునకు ఏబదిరెట్లకు మించిన లోటు. ఇది నాణెము చేసిన పని కాదు. చేయి చేసిన పని. పుట్టుకకు ముందు పరీక్షచేయించి త్రుంచినదియు, పుట్టిన పిమ్మట అలక్ష్యముచే చంపినదియు ఆ చేయియే. 1994లో లింగనిర్ధారణను నిషేధించుచు చట్టము వచ్చినను ఆ చేయి ఆగలేదని 2011 అంకెలు సాక్ష్యమిచ్చుచున్నవి. ఒక తల్లి విషయమున యాదృచ్ఛికమైనదానిని నేరమనుచున్నాము. దేశము విషయమున నేరమైనదానిని యాదృచ్ఛికమనుచున్నాము. ఈ రెంటికి నడుమ గీత గీయగల శాస్త్రము మన బిడ్డల పుస్తకములలో నున్నది. దానితో మనము కె విలువ కనుగొనుచున్నాము!

జూదము మాట చెప్పక తప్పదు. పదివేల చీటీలు, చీటీ యొక్కింటికి ఏబది రూపాయలు, బహుమతులు లక్ష రూపాయల దొకటి, అయిదువేలవి పది, అయిదువందలవి నూఱు అనుకొందము. నూటపదకొండు బహుమతులని పెద్ద యక్షరములతో ప్రకటింతురు. బహుమతుల మొత్తము రెండు లక్షలు. వసూలు అయిదు లక్షలు. ఏబది రూపాయల చీటీ నిజమైన విలువ ఇరువది రూపాయలు. యాదృచ్ఛిక చలరాశి అంకమధ్యమ మనగా నిదియే. దీనికి మించిన నిగూఢార్థము లేదు. ఈ యొక్క గుణకారము ఇంటింట తెలిసియున్న, చేతిలోని ఫోనులో పందెములాడి జీతములను, పుస్తెలతాళ్ళను, తుదకు ప్రాణములను పోగొట్టుకొను యువకుల సంఖ్య కొంతయైనను తగ్గియుండెడిది. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను డబ్బొడ్డి యాడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు శాసనములు సవరించినవి; 2025లో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసినది. శాసనము తలుపునకు తాళము వేయును. లెక్క మనస్సునకు కన్నులిచ్చును. తాళము పగిలిననాడు కన్నులే కాపాడవలయును.

వైద్యశాలలోను ఇదియే యవసరము. వేయిమందిలో ఒకరికి గల రోగమునకు ఒక పరీక్ష గలదనుకొందము. రోగమున్న వారందఱిని అది పట్టును; లేనివారిలో నూటికి అయిదుగురిని పొరపాటున రోగులనును. రోగలక్షణము లేవియు లేని మనుష్యుని యాదృచ్ఛికముగా పరీక్షింపగా రోగమున్నదని వచ్చినది. ఇంటిల్లిపాదియు ఏడ్చుదురు, పరీక్ష నూటికి తొంబదియైదు పాళ్ళు నమ్మదగినది గదా యందురు. పదివేలమందిని లెక్కింపుడు: రోగులు పదిమంది, పొరపాటున పట్టుబడినవారు సుమారు అయిదువందలు. పట్టుబడిన 510 మందిలో నిజమైన రోగులు పదిమంది. అనగా నూటికి ఇద్దరు. భయపడుటకు ముందు రెండవ పరీక్ష చేయింపవలయునని యిది బోధించును. బేయీ సిద్ధాంతమను పేర మన పిల్లలు చదువునది యిదియే. వా రెప్పుడైనను ఇంటిలో ఈ మాట చెప్పగా విన్నారా?

మా మాటలకు ఆక్షేపణలు రాకపోవు. ఉపాధ్యాయులు, “మాకు వ్యవధి యేది? పరీక్షలో అడుగునది కె విలువయే గదా” యందురు. ఇది నిజమైన కష్టము. ఉపాధ్యాయులను మేము తప్పుపట్టము. దోషము ప్రశ్నలు కూర్చువారిది. ప్రశ్నపత్రమున, “ఈ రెండు ఘటనలను స్వతంత్రములని యేల భావింపవచ్చునో రెండు వాక్యములలో వ్రాయుము” అని యొక్క ప్రశ్న వచ్చినచో, మఱుసటి సంవత్సరమునుండి దేశమందలి ప్రతి తరగతిలోను ఆ చర్చ జరుగును. మార్కులకై చదువు పిల్లలచేత ఆలోచింపజేయవలెనన్న, ఆలోచనకు మార్కులిండు.

పాచికలు, పేకముక్కలు చూపి పసివారికి జూదము మప్పుటయా యని పెద్దలు కొందఱు కోపింతురు. వారికి నలోపాఖ్యానమును జ్ఞప్తికి దెచ్చుచున్నాము. పాచికల స్వభావ మెఱుగక ఆడిననాడు నలుడు రాజ్యమును గోలుపోయి అడవులపాలయ్యెను. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు కొమ్మల యాకులను, కాయలను చూచినంతనే వాని సంఖ్య చెప్పి, ఆ గణనవిద్యతోపాటు అక్షహృదయమును అతని కుపదేశించెను. ఆ విద్య యబ్బినంతనే కలి యతని శరీరమును విడిచెనని గదా కథ! ధర్మరాజునకును బృహదశ్వుడు ఆ విద్యను నేర్పినది సర్వమును కోల్పోయిన పిమ్మటనే. ముందే నేర్పియుండిన భారతము మఱియొక విధముగా నుండెడిదేమో. పాచిక లెక్క తెలిసినవాడు జూదరి కాడు, తెలియనివాడే జూదరి.

ఇక చేయవలసినదేమి? మేము క్రొత్త గ్రంథాలయములు, క్రొత్త యంత్రములు కోరుట లేదు. ప్రతి యింటను అష్టాచెమ్మా పీట యున్నది. లేనిచో సుద్దముక్కతో గీయవచ్చును. నాలుగు గవ్వలు తీసికొనుడు. వెలికిల పడిన గవ్వల సంఖ్యయే మన యాదృచ్ఛిక చలరాశి. దాని విలువలు 0 మొదలు 4 వఱకు. గవ్వ వెలికిల పడుట, బోర్ల పడుట సమానమైన పదునాఱింటికి 1, 4, 6, 4, 1 వంతున పడవలయును. కాని గవ్వ నాణెము కాదు. దాని వీపు వేఱు, కడుపు వేఱు. రెండువందల మారులు విసరి వ్రాసికొనిన, సమానమో కాదో అదియే చెప్పును. గవ్వలు లేనియింట ఒకవైపు అరగదీసిన చింతగింజలు చాలును. అష్టా యేల అరుదు, చెమ్మా యేల అరుదు, నాయనమ్మ గవ్వలకును అంగడి గవ్వలకును భేదమేల యని అడుగు పిల్లకు ద్విపద విభాజనమును ఎవ్వరు మఱపింపగలరు?

బడిలో నలువదిమంది పిల్లలున్న ఒక్కొక్కరిచేత పదేసి మారులు నాణెము నెగురవేయింపుడు. “బొమ్మ సంభావ్యత సగము” అని వల్లించినవారందఱును అయిదు బొమ్మలే వచ్చునని తలంతురు. సరిగా అయిదు వచ్చుట 1024లో 252 వంతులు. అనగా నలువదిమందిలో పదిమందికి మాత్రమే. సగమను మాటకు అర్థము ఆనాడు తెలియును. పాయిజాన్ విభాజనము చెప్పునపుడు అర్థములేని లాంబ్డాతో మొదలిడక, 1898లో బోర్ట్‌కీవిచ్ ప్రకటించిన ప్రష్యాసైన్యపు పట్టికతో మొదలిడుడు. ఇరువది యేండ్లలో పది దళములలో గుఱ్ఱపు తన్నులచే మరణించినవారు 122 మంది. ఆ రెండువందల దళసంవత్సరములలో ఒక్క మరణమును లేనివి 109, ఒకటి గలవి 65, రెండు 22, మూడు 3, నాలుగు 1. పాయిజాన్ సూత్రముచే గట్టిన లెక్క వరుసగా సుమారు 109, 66, 20, 4, 1. నాలుగు మరణములు కలిగిన యా ఒక్క దళపు అధికారిని దండింపవలయునా? అక్కరలేదు, రెండువందలలో ఒకచోట అట్లు జరుగుట సహజమే. నింద వేయుటకు ముందు లెక్క వేయవలయునను ధర్మము ఆ యైదు సంఖ్యలలో నున్నది. నలుగు రాడుపిల్లల తల్లి కథయు నిదియే గదా!

ఈ శాస్త్రము మనకు పరాయిది కాదు. 1920లో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలో మహలనోబిస్ 1931లో స్థాపించిన భారతీయ గణాంకసంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1945లో ప్రకటించిన వ్యాసము ప్రపంచమంతట ఈ శాస్త్రమునకు మూలస్తంభములలో నొకటిగా నున్నది. పరిశీలించిన కొద్దిపాటి సంగతులనుండి తెలియనిదానిని ఎంత నిశితముగా అంచనా కట్టగలమో, ఎంతకు మించి కట్టజాలమో అందు వారు నిరూపించిరి. 2023లో వారికి అంతర్జాతీయ గణాంక బహుమతి లభించినది. ఆ సంవత్సరముననే నూటరెండేండ్ల వయసున వారు గతించిరి. తెలిసినదానికి హద్దు తెలిసికొనుటయే జ్ఞానమని చాటిన యా మహనీయుని భాష మాటలాడు మనము, హద్దు తెలియని సూత్రములను బిడ్డలకు మ్రింగించుచున్నాము.

తల్లులారా, తండ్రులారా! రేపు మీ బిడ్డ యీ ప్రకరణమున లెక్క చేయుచుండగా “జవాబు వచ్చినదా?” అని యడుగకుడు. “దేనినిగూర్చి లెక్కించితివి? ఏవి సమానమనుకొంటివి? ఎందుకు?” అని యడుగుడు. మీకు గణితము రాకపోయినను నష్టము లేదు, ప్రశ్నలకు పట్టాలక్కఱలేదు. బిడ్డ తడబడినచో సంతోషింపుడు. ఆలోచన యచ్చటనే ప్రారంభమగును. ఆ ప్రశ్నలకు జవాబు చెప్ప నేర్చిన బిడ్డ రేపు ఫోనులోని పందెమును చూచి నవ్వును. వైద్యుని కాగితము చూచి భయపడక విచారించును. ఆడపిల్లను కన్న తల్లిని ఎవ్వరైన నిందించిన, నోటుపుస్తకము ప్రక్కన బెట్టి లేచి ఎదురు చెప్పును. ఆనాడు మాత్రమే లెక్క తేలినదని మేమొప్పుకొందుము.